టైరు పెరిగింది, బండి లాగడం లేదు: ఏ రేషియో వేయించాలి?

ప్రశ్న: నాది ఫోర్ వీల్ డ్రైవ్ పెట్రోల్ పికప్ ట్రక్కు, మాన్యువల్ గేర్లు. కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైర్లు తీసేసి 315/75 ఆర్16 వేయించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది కానీ, కాస్త ఎక్కుడు వస్తే చాలు ఈసురోమంటోంది. టాప్ గేరు వేయడమే మానేశాను. మైలేజీ కూడా పడిపోయింది. ఇప్పుడున్న ఆక్సిల్ రేషియో (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) 3.73. దీనికి 4.10, 4.56 దొరుకుతాయి అంటున్నారు. వెనక తరచూ లోడు ఉంటుంది. ఏది వేయించమంటారు?

జవాబు: మీకైతే 4.56. అంకె పెరిగితే లాగుడూ పెరుగుతుంది, ఇంజన్ తిరిగే వేగమూ పెరుగుతుంది. ఇదే టైరు వేసుకున్న మీ స్నేహితుడికి మాత్రం 4.10 చెప్పేవాణ్నేమో, కాబట్టి లెక్క చూడండి.

ముందు ఆ మైలేజీ సంగతి. అందులో సగం ఉత్తుత్తి బెంగ. పాత టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు, కొత్తది 879. అంటే ఒక్కో చుట్టుకు దాదాపు 13.6 శాతం ఎక్కువ దూరం పోతున్నారు. మీటరుకు ఆ విషయం తెలియదు, అది చుట్లనే లెక్కపెడుతుంది. మీటరు 100 కిలోమీటర్లు అంటే మీరు నిజంగా 113కు పైనే తిరిగారన్నమాట. దూరాన్ని 1.136తో గుణించి, ఆ తర్వాత లీటరుకు ఎంత వస్తోందో చూడండి. అప్పటికీ తగ్గినట్టు కనిపిస్తే అదే అసలు నష్టం. అది టైరు బరువు వల్ల, పెరిగిన ఎత్తుకు తగిలే గాలి వల్ల వచ్చేది. దాన్ని ఏ రేషియో పూర్తిగా పూడ్చలేదు.

టైరు పక్కన రాసి ఉన్న సైజునూ గుడ్డిగా నమ్మొద్దు. మామూలు లోడు వేసి, గాలి సరిచూసి, టైరు నేలను తాకే చోట సుద్దముక్కతో టైరు మీదా నేల మీదా గీత పెట్టండి. బండిని తిన్నగా ముందుకు నెట్టి, టైరు మీది గీత మళ్లీ కిందికి వచ్చిన చోట నేల మీద ఇంకో గీత పెట్టి కొలవండి. పాత టైరుతో కూడా ఇదే చేసి కొత్త కొలతను పాతదానితో భాగిస్తే మీ బండి అసలు లెక్క వస్తుంది.

సైజు ప్రకారమే చూస్తే, 3.73ను 1.136తో గుణిస్తే 4.24. కంపెనీ ఇచ్చినప్పటి లాగుడు తిరిగి రావాలంటే కావలసింది అది. మీకు దొరికేవి దానికి అటొకటి, ఇటొకటి. టాప్ గేరు నిష్పత్తి 0.75 అనుకుంటే, 100 కిలోమీటర్ల అసలు వేగంలో పాత టైరుతో ఇంజన్ 1,920 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరిగేది. ఇప్పుడు 1,690కి పడిపోయింది. పెట్రోల్ ఇంజన్ అక్కడ లోడుతో ఎక్కమంటే ఎక్కడం కష్టమే. 4.10 వేస్తే 1,855, 4.56 వేస్తే 2,065 వస్తుంది. టైరు బరువు పెరిగింది, పైన లోడు, ఎక్కుళ్లు. అందుకే ఒక మెట్టు పైకే వెళ్లమంటున్నాను. అదే డీజిల్ ఇంజనై, ఖాళీ బండితో హైవే మీదే తిరిగేవారైతే 4.10తో హాయిగా సరిపోతుంది. డీజిల్‌కు బలం తక్కువ ఆర్‌పీఎంలోనే దొరుకుతుంది, దాన్ని ఊరికే అరిపించడం దేనికి?

4.56కు ఒక లోటు ఉంది. ఆక్సిల్ లోపల పెద్ద పళ్లచక్రం క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. 3.73లో సాధారణంగా క్రౌన్ వీల్‌కు 41, పినియన్‌కు 11 పళ్లు ఉంటాయి. 4.56లో పినియన్‌కు 9 పళ్లే. పినియన్ చిన్నదవుతుంది. రాళ్లలో ఇరుక్కున్న టైరును ఒక్కసారిగా క్లచ్ వదిలి కుదిపితే దెబ్బ పడేది దానికే.

వెనక ఆక్సిల్ ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకుందామనే ఆలోచన వస్తే అక్కడే వదిలేయండి. ముందూ వెనకా రేషియో వేరైతే, గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు ఆక్సిళ్లూ పోట్లాడుకుని, ముందుకూ వెనక్కూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పాడవుతుంది. ఇంకొకటి, కొన్ని ఆక్సిళ్లలో క్రౌన్ వీల్ బిగించే డిఫరెన్షియల్ కేసు కూడా మార్చాలి. ఉదాహరణకు డానా 44 అనే రకం ఆక్సిల్‌లో 3.73 వరకు ఒక కేసు, 3.92 నుంచి వేరే కేసు. ఖర్చు అడిగేటప్పుడే ఇది తేల్చుకోండి.

పనివాడి చెయ్యి ముఖ్యం. క్రౌన్ పళ్లకు రంగు పేస్టు పూసి తిప్పి, పడిన మచ్చ పంటి మధ్యలో ఉందో లేదో మీరే అడిగి చూడండి. ఒక చివరకు జరిగి ఉంటే షిమ్ములు (సందు సరిచేసే సన్నని రేకులు) మళ్లీ సర్దాలి. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే వదులు) మాన్యువల్ చెప్పిన హద్దులో ఉండాలి. చూపించడానికి విసుక్కునే చోట పని ఇవ్వకండి. కొత్త గేర్లతో మొదట ఓ ముప్పై కిలోమీటర్లు మెల్లగా నడిపి, పూర్తిగా చల్లారనివ్వండి. 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి. అప్పటిదాకా లోడు వద్దు.

ప్రశ్న: గేర్లు మార్చాక స్పీడోమీటర్ దానంతట అదే సరిపోతుందా?

జవాబు: వేగం కొలిచే సెన్సర్ ఎక్కడుందో చూడాలి. చక్రం దగ్గర ఉంటే గేర్లు మార్చినా తేడా రాదు, పెద్ద టైరు వల్ల మీటరు తక్కువే చూపిస్తుంది. గేర్‌బాక్స్ వెనక ఉంటే మాత్రం తిరకాసు. పై పాఠకుడి బండిలో 4.56 వేస్తే, అసలు వేగం 100 ఉన్నప్పుడు ముల్లు 107 దాటి ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ కొత్త టైరు, కొత్త రేషియో రెండూ చెప్పి మీటరు సరిచేయించండి.