పండక్కి ఇంటికి వెళ్లలేకపోతే...

ప్రశ్న: ఉద్యోగం వల్ల ఈసారి పండక్కి ఇంటికి వెళ్లలేను. స్నేహితులు వాళ్లింటికి రమ్మని పట్టుబడుతున్నారు, కానీ వాళ్లది వేరే మతం. భారమవుతానేమో, అమ్మ బాధపడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తప్పకుండా వెళ్లండి. అంత ప్రేమగా పిలిచేవాళ్లు దొరకడం మామూలు విషయం కాదు. ఉపవాసం ఉన్నా, తినకూడనివి ఏవైనా ఉన్నా, పూజకో ప్రార్థనకో కాసేపు ఏకాంతం కావాలన్నా మొహమాటపడకుండా ముందే చెప్పెయ్యండి, తెలియక ఇబ్బంది పడతారు గానీ చెబితే సంతోషంగా ఏర్పాటు చేస్తారు. మీరున్నది వేరే దేశమైతే ఇంకో మాట: చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగలు ఒక్కోసారి రెండు చోట్లా ఒకే తేదీన రావు, కనుక్కోండి. అమ్మకి అక్కడి నుంచే వీడియో కాల్ చేసి స్నేహితుల్ని చూపించండి, మీరు గదిలో ఒంటరిగా ఉన్నారంటేనే ఆవిడకి బెంగ. మధ్యలో ఏడుపొచ్చినా వాళ్ల దగ్గర దాచుకోకండి.