అన్నకు కార్నియా జబ్బు, చెల్లికి జెనెటిక్స్ మీద ఇష్టం: ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మాది మేనరికం. పెద్దబ్బాయికి రెండు కళ్లకూ మసక కమ్మితే మాక్యులర్ కార్నియల్ డిస్ట్రఫీ (కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా మసకబారే వంశపారంపర్య జబ్బు) అన్నారు. ఒక కంటికి కార్నియా మార్చారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. అన్న జబ్బుకు కారణం కనిపెడతానని బీఎస్సీ జెనెటిక్స్ (జన్యుశాస్త్రం) అంటోంది. ఆప్టోమెట్రీ (చూపు పరీక్షించి అద్దాలు సూచించే చదువు) మేలని బంధువులు అంటున్నారు. ఏది మంచిది? తన కళ్లు చదువుకు నిలుస్తాయా? సంబంధాలు రావేమోనని పరీక్ష చేయించలేదు.

జవాబు: కోర్సు గురించి అడిగారు గానీ మీ టెన్షన్ అంతా ఆఖరి రెండు మాటల్లోనే ఉంది. ముందు అదే చూద్దాం.

ఈ జబ్బు సీహెచ్‌ఎస్‌టీ6 అనే జన్యువులో లోపం వల్ల వస్తుంది. ప్రతి మనిషిలోనూ ఆ జన్యువు రెండు ప్రతులుంటాయి. మీ ఇద్దరిలోనూ ఒకటి చెడి, ఒకటి బాగుంది. అందుకే మీ చూపుకు ఏమీ కాలేదు. చెడినవి రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. ప్రతి బిడ్డకూ ఆ అవకాశం 4లో 1. మేనరికం లోపాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ ఒకచోటికి చేరుస్తుంది. కాబట్టి మీరూ మీ ఆవిడా ఒకరినొకరు తప్పుపట్టుకోవద్దు.

కానీ పరీక్ష దాటవేయడం మాత్రం తప్పే. అన్న కళ్లు చూస్తూ పెరిగిన పిల్ల తన కళ్ల సంగతి తెలియక ఎంత భయపడుతోందో ఆలోచించారా? రేపు దగ్గర చుట్టాల్లోనే సంబంధం కుదిరిస్తే, అదే లోపం ఆ అబ్బాయిలోనూ ఉండవచ్చు. సంబంధం పోతుందని దాచి, మనవల కళ్ల మీదికి తెస్తారా? ఈ జబ్బు సాధారణంగా చిన్నతనంలోనే మొదలవుతుంది. ఈ వయసుకు స్లిట్ ల్యాంప్‌తో (కంటిని పెద్దదిగా చూపే డాక్టర్ పరికరం) చూస్తే చాలామటుకు తెలిసిపోతుంది. కార్నియా తేటగా ఉంటే మంచిదే. అప్పుడు కూడా అమ్మాయి లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం 3లో 2, అయినా దానివల్ల చూపు తగ్గదు. మచ్చలు కనిపించినా చదువు ఆగిపోదు. జబ్బు నెమ్మదిగా ముదురుతుంది, అవసరమైతే కార్నియా మార్పిడి ఉండనే ఉంది.

ఇక జెనెటిక్స్. పేరు చూసి మోజుపడే బీఎస్సీ జెనెటిక్స్ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అమ్మాయి కనిపెట్టాలనుకుంటున్న కారణం 2000లోనే తెలిసింది. దక్షిణాది కుటుంబాల్లో ఆ జన్యువులో రకరకాల మార్పులు ఉన్నాయని 2003లో బయటపడింది. ఇప్పుడు మిగిలిన పని ఇంటింటికీ ఏ మార్పు ఉందో తేల్చడం, ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, మంచి చికిత్స వెతకడం. వట్టి డిగ్రీతో ఇవేవీ చేతికి రావు. చాలా కాలేజీల్లో పేరుకు జెనెటిక్స్ ఉంటుంది, ల్యాబ్ ఉండదు. ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ దాకా వెళ్తేనే పరిశోధన. అన్నీ కలిపి పదేళ్ల మాట. అంత ఓపిక అమ్మాయికీ మీకూ ఉంటే, డిగ్రీ పేరులో జెనెటిక్స్ ఉండి తీరాలని లేదు. గట్టి జీవశాస్త్ర డిగ్రీ చేసి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ హ్యూమన్ జెనెటిక్స్ విభాగానికి ప్రయత్నించవచ్చు. జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనూ (జన్యు జబ్బుల గురించి కుటుంబాలకు వివరించి చెప్పే పని) పీజీ ఉంది. మీలాంటి ఇళ్లకు నేరుగా పనికొచ్చేది అదే.

ఆప్టోమెట్రీ డిగ్రీలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. కంటి ఆసుపత్రుల్లో పని తొందరగా దొరుకుతుంది. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే నేను దీనివైపే మొగ్గుతాను.

పెద్దబ్బాయి రిపోర్టులు పట్టుకుని ఈ నెలలోనే అమ్మాయిని కార్నియా డాక్టర్‌కు చూపించండి. ఏ కాలేజీకైనా ఫీజు ఆ తర్వాతే కట్టండి.