కొత్త సర్పంచికి: బాట పనులు వానలకంటే ముందు

పద్మకు ఆశీస్సులు.

సర్పంచివి అయ్యావు. ఇక ఊళ్లో ప్రతి గల్లీ వాళ్లూ సీసీ రోడ్డు కావాలంటారు. ఉన్న బాటను బాగుచెయ్యమనేవాళ్లు మాత్రం అరుదు. కొబ్బరికాయ కొట్టడానికి వచ్చే జనం కల్వర్టులో పూడిక తీస్తుంటే రారు. అయినా మొదట పట్టుకోవాల్సింది ఆ పూడికనే, బిడ్డా.

పంచాయతీ కార్యదర్శిని, వీలైతే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) వెంటబెట్టుకుని ఊరి బాటలన్నీ నడిచి చూడు. బండి మీద పోతే కల్వర్టు మూతి కనబడదు. ఒక్కో బాటకు మూడు సంగతులు రాసుకో: అది ఎవరిది, నీళ్లు ఎటు పోతున్నాయి, ఎన్నో మీటరు నుంచి ఎన్నో మీటరు దాకా పాడైంది. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు మీద పంచాయతీ పైసలు పెడితే రేపు ఆడిట్‌లో నువ్వే సమాధానం చెప్పుకోవాలి. పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) రోడ్డయితే పక్కనున్న బోర్డు చదువు. పూర్తయిన తేదీ నుంచి ఐదేళ్లు నిర్వహణ కాంట్రాక్టరుదే. గుంతల ఫొటోలు తీసి ఏఈకి కాగితం మీద రాసి ఇవ్వు, నోటిమాట చాలదు.

బాటను పాడుచేసేది ముందు నీళ్లు, తర్వాతే బండ్లు. పైపు కల్వర్టు పూడిక మే నెలలోనే తీయించు. నీళ్లు బయటికి పోయే దిక్కు ముందు తీయాలి. నీళ్లు వచ్చే దిక్కు ముందు తెరిస్తే మట్టంతా పైపు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. పైపు మీద రెండడుగుల మట్టి ఉందో లేదో కూడా కొలువు. అంతకంటే తక్కువుంటే వరికోత మిషన్ ఎక్కిన రోజే పైపు పగులుతుంది.

ఇక పొలం బాట. మూడు మీటర్ల వెడల్పుంటే నడిమధ్య భాగం అంచులకంటే 6 సెంటీమీటర్లు ఎత్తుండాలి. మధ్య నుంచి అంచుకు దారం కట్టి, ట్యూబు లెవెల్‌తో (నీళ్లు నింపిన సన్న గొట్టంతో) మట్టం చేసి, అంచు దగ్గర దారానికీ నేలకూ మధ్య సందు కొలిస్తే ఆ లెక్క రావాలి. రాకపోతే ఎంత మొరం పోసినా బాటే కాల్వ అవుతుంది.

మొరం లెక్క నువ్వే వేసుకో. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, రోలర్ తొక్కాక 10 సెంటీమీటర్ల మందం అంటే 30 ఘనపు మీటర్లు. వదులుగా పోసేటప్పుడు సుమారు 30 శాతం ఎక్కువ పడుతుంది, 39 అనుకో. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, పావు తక్కువ రెండడుగుల లోతున్న ట్రాలీలో దాదాపు 3 ఘనపు మీటర్లు పడుతుంది, అంటే 13 ట్రిప్పులు. ఎవరైనా 20 ట్రిప్పుల బిల్లు తెస్తే ముందు ట్రాలీ లోపల టేపు పెట్టు.

మొరం నాణ్యతకు పెద్ద పరీక్ష అక్కర్లేదు. తడిపి పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి, విరిస్తే రెండు ముక్కలవ్వాలి. వేళ్లకు జిగటగా అంటుకుంటే బంకమన్ను ఎక్కువ, వానకు జారుతుంది. ముద్దే కట్టకపోతే ఎండకు దుమ్ములేచి, బాటంతా అలలు అలలుగా తయారవుతుంది. పొడి మొరం మీద రోలర్ తిప్పడం డీజిల్ దండగ. పల్లె ప్రగతి పథకం కింద వచ్చిన నీళ్ల ట్యాంకర్ పంచాయతీలోనే ఉంది కదా, దాన్ని ముందురోజు సాయంత్రమే పంపు. నల్లరేగడి మీద నేరుగా మొరం పోస్తే మొదటి ముసురుకే కిందికి దిగిపోతుంది. అక్కడ ముందు పక్క కాల్వలు తీసి నేల ఆరనివ్వాలి.

తాగునీటి పైపు కోసం సీసీ రోడ్డు కోసినచోట మట్టి ఒక్కసారే నింపి పైన కాంక్రీటు వేస్తారు. ఆర్నెల్లలో అది కుంగుతుంది. జానెడు జానెడు మందంలో తడిపి దిమ్మిస కొట్టాకే కాంక్రీటు వెయ్యనివ్వు.

డబ్బు మాట. ఆర్థిక సంఘం నిధులన్నీ బాటకు వాడుకోలేవు. 15వ ఆర్థిక సంఘం లెక్కలో (2021–26) 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే పోయేది. మిగిలిన 40 శాతం మీదనే అన్ని పనుల కళ్లూ ఉండేవి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కని పనికి ఆర్థిక సంఘం నిధుల నుంచి బిల్లు కాదు. అందుకని 'రోడ్డు మరమ్మతులు' అని ముద్దగా రాయించకు. ఏ బాట, ఎన్నో మీటరు నుంచి ఎంతవరకు, ఏ పని అని విడివిడిగా ఎక్కించు. ఏటా పూడికకు, గుంతలకు ఒక పద్దు వేరుగా పెట్టి, ఇంటిపన్ను వసూలు నుంచి దానికి కొంత కేటాయించు. మట్టి పని, కాల్వల పని ఉపాధి పథకం కూలీలతో చేయించు. అందులో జేసీబీ దించితే సోషల్ ఆడిట్‌లో (ఊరి జనం ముందు జరిగే తనిఖీలో) రికవరీ రాస్తారు, అంటే ఆ డబ్బు తిరిగి కట్టమంటారు.

ఎస్టిమేటు, తీర్మానం, మంజూరు చేతికి రానిదే గడ్డపార వెయ్యనివ్వకు. వడ్డీకి తెచ్చి పనిచేసి బిల్లుల కోసం ఏళ్లకేళ్లు తిరిగిన మాజీ సర్పంచులు నీకు తెలిసినవాళ్లలోనే ఉంటారు. మొరం పరిచాక, తొక్కకముందు ఒకసారి, తొక్కాక ఒకసారి ఏఈ వచ్చి కొలవాలి. ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కిన కొలతకే డబ్బు.

కేజ్‌వీల్ (బురద దున్నే ఇనుప చక్రాల) ట్రాక్టర్ల సంగతి నాట్లకు ముందు జరిగే గ్రామసభలోనే పెట్టు. తారు రోడ్డెక్కితే జరిమానా ఎంతో అందరి ముందే తీర్మానం రాయించు. మన వాళ్ల ట్రాక్టరు ఎక్కినా అంతే కట్టాలి, ఆ సంగతి మీ అన్నకు నేను చెప్తాను.

ఏఈ ఎస్టిమేటు ఇవ్వగానే ఒక కాపీ పంపు, మొరం లెక్క చూసిపెడతాను.

మీ పెద్దనాయన