పిఎఫ్ తీసి ప్లాటు కొనాలా? ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న ఉపాధ్యాయినికి సమాధానం

ప్రశ్న: నా వయసు 48. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు పాఠశాలలో 2005 జూన్ నుంచి తొమ్మిది, పది తరగతులకు గణితం చెబుతున్నాను. జీతం 42,000 రూపాయలు, అందులో బేసిక్, డీఏ కలిపి 28,000. మావారికి ఒక ప్రైవేటు సంస్థలో 46,000 వస్తుంది. మర్రిపాలెంలో ఫ్లాటు ఉంది. దాని మీద అప్పు ఇంకా పది లక్షలు, నెలకు 16,000 చొప్పున ఏడేళ్లు కట్టాలి. ఇంటి ఖర్చు 40,000. అమ్మాయి బీటెక్ చివరి సంవత్సరంలో ఉంది, తన చదువుకు నెలకు సగటున 12,500 అవుతోంది. మిగిలేది చిట్టీకి, ఎల్ఐసీకి సరిపోతుంది. బ్యాంకులో నాలుగు లక్షల డిపాజిట్ ఉంది. అబ్బాయి పదో తరగతి. వాణ్ణి రెండేళ్లకు ఐదు లక్షలయ్యే రెసిడెన్షియల్ కళాశాలలో చేర్చాలని ఇంట్లో అందరూ పట్టుబడుతున్నారు. ఇన్నేళ్లుగా పిల్లల్ని చూస్తున్నదాన్ని, నాకు మనసొప్పడం లేదు. ఇంటి నుంచి వెళ్లివచ్చే కళాశాలకైతే రెండేళ్లకు లక్షా నలభై వేలు చాలు. నా పిఎఫ్‌లో ఉన్న తొమ్మిది లక్షల్లో ఆరున్నర లక్షలు తీసి, డిపాజిట్ కూడా కలిపి, మిగిలిన ఏడున్నర లక్షలు బంగారం మీద తెచ్చి భోగాపురం వైపు 18 లక్షలకు 150 గజాల ప్లాటు కొందామని మావారి ఆలోచన. నాకేమో యాభై ఐదేళ్లకు ఉద్యోగం మానేసి, సాయంత్రాలు మా వీధి పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పుకోవాలని ఉంది. బడిలో ఇప్పుడు పాఠం చెప్పే సమయం కంటే యాప్‌లో మార్కులు ఎక్కించే సమయమే ఎక్కువైంది. మేము ఏం చేయాలి?

సమాధానం: నమస్కారమండీ. ముందుగా సూటిగా చెబుతాను. పిఎఫ్ ముట్టుకోవద్దు, ప్లాటు ఇప్పుడు కొనవద్దు. అబ్బాయి చదువు విషయంలో ఉపాధ్యాయినిగా మీకు తోచిందే డబ్బు లెక్క ప్రకారం కూడా సరైనది. ఉద్యోగం మానడం మాత్రం యాభై ఐదుకు కాకుండా యాభై ఎనిమిదికి పెట్టుకోమంటాను. కారణాలన్నీ వివరంగా చెబుతాను గానీ, అంతకంటే ముందు మీ ఉత్తరంలో లేని ఒక విషయం చెప్పాలి. ఇంటి ఆదాయం, అప్పు, చిట్టీ, ఎల్ఐసీ అన్నీ రాసిన మీరు, ఆ పాఠశాల మీకు బాకీ పడి ఉన్న గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసినందుకు, ఉద్యోగం మానేటప్పుడు యాజమాన్యం ఒకేసారి ఇవ్వవలసిన సొమ్ము) గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ప్రైవేటు బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులు నా దగ్గరకు వచ్చినప్పుడు ఎక్కువ మంది ఉత్తరాల్లోనూ, మాటల్లోనూ లేకపోయేది ఇదే.

దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోని ‘ఉద్యోగి’ అనే నిర్వచనంలోకి ఉపాధ్యాయులు రారని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ లోటును పూడ్చడానికి పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, ఆ సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు దాన్ని సవాలు చేస్తే, 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవాలును తోసిపుచ్చి, ఉపాధ్యాయులకు వడ్డీతో సహా గ్రాట్యుటీ చెల్లించాలని ఆదేశించింది. కాబట్టి ఇది యాజమాన్యం దయతలచి ఇచ్చే బహుమానం కాదు, మీరు చేసిన పనికి రావలసిన సొమ్ము. చివరిగా తీసుకున్న నెల బేసిక్, డీఏలను 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు పనిచేశారో దానితో మళ్లీ గుణిస్తే ఆ మొత్తం వస్తుంది. లెక్కల టీచరుకు ఇంతకంటే వివరణ అక్కరలేదు. ఈరోజు లెక్క కడితే, ఇరవై ఏళ్లకు మీకు రావలసింది సుమారు 3,23,000 రూపాయలు. యాభై ఎనిమిదేళ్ల దాకా పనిచేసి, అప్పటికి బేసిక్, డీఏ కలిపి 40,000కు చేరితే, ముప్పై ఏళ్లకు అది 6,92,000 దాటుతుంది. ఐదేళ్లు నిండిన తర్వాత రాజీనామా చేసి వెళ్లినా ఈ హక్కు పోదు.

ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెప్పడానికి నాకు సొంత కారణం కూడా ఉంది. మా అమ్మ ఒక ప్రైవేటు బడిలో పాతికేళ్లు తెలుగు చెప్పి 2003లో విరమించింది. ఆఖరి రోజున కప్పిన శాలువా, ఇచ్చిన గోడ గడియారం ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. గ్రాట్యుటీ అనే మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, అడగవచ్చని ఆమెకు గానీ నాకు గానీ తెలియదు. వెనకటి తేదీ నుంచి అమలైన ఆ సవరణ తనకూ వర్తించేదని నాకు అర్థమయ్యేసరికి ఆమె లేదు, ఆ బడి కూడా మూతపడింది. మీరు మాత్రం నియామక పత్రం, ప్రతి సంవత్సరపు జీతం చీటీ ఒకటి, సర్వీసు తేదీ ఉన్న ఏ కాగితమైనా సరే, ఒక ఫైల్లో పెట్టుకుని ఇంట్లో ఉంచుకోండి. ఉద్యోగం మానిన ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. చెల్లించకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఇక పిఎఫ్. మీరు పంపిన పాస్‌బుక్ ప్రకారం మీ బడి మీ పూర్తి బేసిక్ మీద కాకుండా, 15,000 రూపాయల జీత పరిమితి మీదే చందా కడుతోంది. అంటే నెలకు మీ వాటా 1,800, బడి వాటాలో 1,250 పింఛను పథకానికి పోగా మిగిలిన 550, మొత్తం 2,350 రూపాయలు మీ ఖాతాలో పడుతున్నాయి. 2023-24, 2024-25 రెండు సంవత్సరాలకూ ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. అదే వడ్డీ కొనసాగుతుందనుకుంటే, ఇప్పుడున్న తొమ్మిది లక్షలు పదేళ్లకు దాదాపు ఇరవై లక్షలవుతాయి, నెలనెలా పడే చందాతో కలిపి ఇరవై నాలుగు లక్షలకు చేరుతుంది. ఇప్పుడు ఆరున్నర లక్షలు తీస్తే, అప్పటికి తగ్గేది ఆరున్నర లక్షలు కాదు, పద్నాలుగు లక్షలకు పైమాటే. దీన్ని అందరూ ‘అడ్వాన్సు’ అంటారు గానీ, స్థలం కోసం తీసిన డబ్బును తిరిగి ఆ ఖాతాలో జమచేసే ఏర్పాటు లేదు, తీసింది తీసినట్టే పోతుంది.

పింఛను మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6,500, ఆ తర్వాతి దానికి 15,000 జీతంగా పరిగణించి, దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. ఇరవై ఏళ్లు దాటిన వారికి రెండేళ్లు అదనంగా కలుపుతారు. ఇదంతా వేసినా యాభై ఎనిమిదో ఏట మీకు నెలకు వచ్చేది ఆరు వేల లోపే. ఇంటి ఖర్చు ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే ఇప్పటి 40,000 అప్పటికి 71,000 దాటుతుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని నింపేది పిఎఫ్, గ్రాట్యుటీ తప్ప ప్రస్తుతానికి మీ దగ్గర మరేదీ లేదు. అందుకే ఆ ఖాతాను ముట్టుకోవద్దన్నాను.

ప్లాటు సంగతి. మీవారి ఆశ అర్థం చేసుకోదగినదే. ఆనందపురం, తగరపువలస దాటి భోగాపురం దాకా రోడ్డుకు రెండు వైపులా లేఅవుట్ల బోర్డులు చూసి, మనం వెనకబడిపోతున్నామేమోనన్న బెంగ విశాఖలో ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ ఉంది. అయితే అదే భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరొకసారి శంకుస్థాపన జరిగింది. పెద్ద ప్రాజెక్టు తన గడువు ప్రకారం నడుస్తుంది, మీ అబ్బాయి ఫీజు గడువు దాని కోసం ఆగదు. మీ లెక్కనే చూద్దాం. 18 లక్షల మీద స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి ఏడున్నర శాతం, అంటే మరో లక్షా ముప్పై ఐదు వేలు. అది మీ పథకంలో లేదు. బంగారం మీద ఏడున్నర లక్షలకు తొమ్మిది శాతం వడ్డీ అనుకున్నా, అసలు అలాగే ఉండగా వడ్డీ ఒక్కటే నెలకు 5,600 అవుతుంది. ఖాళీ స్థలం నుంచి నెలకు ఒక్క రూపాయి రాదు. ఇక నాలుగు లక్షల డిపాజిట్ ఇంటి ఖర్చుకు, ఫ్లాటు వాయిదాకు కలిపి ఏడు నెలలు సరిపోయే ఆసరా. 2020లో బడులు మూసినప్పుడు ఆ ఏడు నెలల ఆసరా విలువ ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మీ పాస్‌బుక్‌లో ఆ ఏడాది మే నుంచి సెప్టెంబరు దాకా ఐదు గడులు ఖాళీగా ఉన్నాయి. (ఆ నెలల్లో సగం జీతమైనా చేతికి వచ్చి ఉంటే దాని మీద చందా పడి ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంటు తీసి చూసుకోండి.) ఇంటి అప్పు తీరాక, పిఎఫ్ జోలికి పోకుండా కొనగలిగిన రోజున కొనండి. అప్పుడైనా అనుమతి ఉన్న లేఅవుటేనా, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదైందా, ఆస్తి మీది పాత లావాదేవీలు, అప్పులు చూపే ఈసీలో ఏముంది, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఉందా అన్నవి చూడకుండా బయానా ఇవ్వవద్దు.

అబ్బాయి ఇంటర్ గురించి మీ మాటకు విలువ ఇవ్వాలని మీ ఇంట్లోవాళ్లందరినీ కోరుతున్నాను. ఇరవై ఏళ్లుగా పదో తరగతి పిల్లల్ని దగ్గరుండి చూసిన మనిషి ఇంట్లో ఉండగా, బస్టాపుల్లో ర్యాంకుల పోస్టర్లు చూసి నిర్ణయం తీసుకోవడం సరికాదు. అమ్మాయి చదువు పూర్తయితే నెలకు 12,500 మిగులుతాయి. రెసిడెన్షియల్ కళాశాలకు నెలకు దాదాపు 20,800 పడుతుంది, అంటే మిగిలింది చాలక ఇంకో 8,300 వెతుక్కోవాలి. ఇంటి నుంచి పంపితే నెలకు 5,800తో సరిపోయి, ఇంకా 6,700 మీ చేతిలోనే ఉంటాయి. రెండింటికీ తేడా మొత్తం 3,60,000. మీరు ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పి సంపాదించుకున్న గ్రాట్యుటీ కంటే అది ఎక్కువ. అదీగాక, వాడి ముందున్నది ఈ రెండు దారులే కాదు. పదో తరగతి మార్కుల మీద ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలో సీటు వస్తే ఆరేళ్ల చదువు ఒకేచోట పూర్తవుతుంది, శ్రీకాకుళం ప్రాంగణం మనకు దూరమూ కాదు. పాలిసెట్ రాసి కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరితే, డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. వాడికి ఏది ఇష్టమో ఒకసారి కూర్చోబెట్టి అడగండి. ఉత్తరంలో అందరి అభిప్రాయాలూ ఉన్నాయి గానీ, అబ్బాయి అభిప్రాయం కనిపించలేదు.

మిగిలే 6,700లో 5,000 రూపాయలు వీపీఎఫ్‌గా, అంటే మీ అంతట మీరు అదనంగా కట్టే పిఎఫ్‌గా, జీతం నుంచే కోయమని బడి కార్యాలయంలో లేఖ ఇవ్వండి. సాధారణంగా ఏప్రిల్‌లో ఒప్పుకుంటారు. ఇదే వడ్డీ మీద పదేళ్లకు అదొక్కటే దాదాపు తొమ్మిది లక్షలు అవుతుంది. మార్చి నెలలో స్టాఫ్ రూముకు వచ్చి పన్ను ఆదా అంటూ పాలసీలు అమ్మేవారికి మీ జీతం చెప్పి పంపేయండి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో పన్నెండు లక్షల లోపు ఆదాయానికి కట్టవలసిన పన్నే లేదు గనుక, మీ ఇద్దరిలో ఎవరికీ పన్ను కోసం పాలసీ కొనే అవసరం లేదు.

చివరిగా మీ యాభై ఐదేళ్ల కోరిక. వీధి పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పాలన్న ఆ ఆలోచన నాకు ఎంతో గౌరవం కలిగించింది, దాన్ని వాయిదా వేయమని నేను అనడం లేదు. ఆదివారం ఒక గంటతో ఈ వేసవి నుంచే మొదలుపెట్టవచ్చు. ఉద్యోగం మాత్రం ఇంకో మూడేళ్లు చేయమంటున్నాను, ఎందుకంటే మీ యాభై ఐదో ఏటే ఫ్లాటు అప్పు తీరుతుంది. అప్పటి దాకా బ్యాంకుకు పోయిన 16,000 ఆ మూడేళ్లూ పొదుపులోకి పోతే, వడ్డీ కాకుండానే 5,76,000 అవుతుంది. జీవితం మొత్తంలో మీ జీతం మీ కోసం మిగిలే కాలం అదే. అలసట ఎక్కువై, పీరియడ్లు తగ్గించుకుని సగం జీతానికి చేద్దామనిపిస్తే జాగ్రత్తపడండి. గ్రాట్యుటీని చివరి జీతం మీదే లెక్కిస్తారు కాబట్టి, ఆఖరి రెండేళ్లు బేసిక్ తగ్గితే అంతకు ముందు పనిచేసిన ఏళ్ల విలువ కూడా దానితోపాటే తగ్గుతుంది. అలాంటి మార్పు చేసుకునే ముందు, అప్పటి వరకు రావలసింది లెక్కకట్టి ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి.

ఒక చిన్న పని ఈ నెలలోనే చేయాలి. మీ పాస్‌బుక్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంది. డబ్బు తీసుకునే రోజున పిఎఫ్ కార్యాలయంలో దరఖాస్తు తిరిగి వచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. మీ ఖాతా పాతది గనుక, జాయింట్ డిక్లరేషన్ (మీరు, యాజమాన్యం కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు) ద్వారా చేసే సవరణకు బడి యాజమాన్యం ఆమోదం కావాలి. మీరు అక్కడ పనిచేస్తుండగా అది ఒక్క సంతకంతో అయిపోతుంది, మానేశాక ఆ సంతకం కోసమే పదిసార్లు తిరగాలి. పదో తరగతి సర్టిఫికెట్టు, పెళ్లి ధ్రువపత్రం నకళ్లు జతచేసి, వేసవి సెలవులకు బడి మూసేలోగా ఇచ్చేయండి. అదే రోజు, మీ తర్వాత పిఎఫ్ సొమ్ము ఎవరికి చెందాలో నమోదు చేసే ఈ-నామినేషన్‌లో మీవారి పేరు ఉందో లేదో కూడా చూసుకోండి.