అరిగిన ఫ్రెట్లకు బదులు ఫ్రెట్‌లెస్ నెక్ బిగించుకోవచ్చా?

మీ నాలుగు తీగల బేస్ గిటార్‌కు ఫ్రెట్లు (నెక్ మీద స్వరస్థానాల దగ్గర అడ్డంగా బిగించే సన్నని లోహపు కడ్డీలు) అరిగిపోయాయని, వాటిని మళ్లీ వేయించే బదులు అదే బాడీకి ఫ్రెట్లే లేని ఫ్రెట్‌లెస్ నెక్ బిగిస్తే ఎలా ఉంటుందని అడిగారు. మీ దగ్గర ఉన్నది ఆ ఒక్క బేసేనని, కీబోర్డు, డ్రమ్స్, ఇద్దరు గాయకులు ఉన్న బృందంలో వాయిస్తున్నారని కూడా రాశారు. నేను ఒకే బాడీకి రెండు రకాల నెక్‌లనూ మార్చి మార్చి బిగించుకుని చాలా కాలంగా వాయిస్తున్నాను. పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం), ఆంప్ అన్నీ అవే ఉండి నెక్ ఒక్కటే మారినప్పుడు ఏమేం మారుతుందో ఆ అనుభవంతో చెప్పగలను. మీ పరిస్థితిలో ఫ్రెట్లున్న నెక్‌నే ఉంచుకోవాలని నా సలహా. ఫ్రెట్‌లెస్ మీద మనసుంటే దాన్ని రెండో నెక్‌గా, వీలైతే రెండో గిటార్‌గా తెచ్చుకోండి. నాదం ఎంత ఆకట్టుకుంటుందన్న దాన్ని బట్టి కాకుండా, మీరు వాయించే చోట మీ స్వరం మీకు ఎంత స్పష్టంగా వినిపిస్తుందన్న దాన్ని బట్టి ఈ నిర్ణయం తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఫ్రెట్లున్న నెక్ మీద మోగే తీగ పొడవును నిర్ణయించేది ఫ్రెట్. వేలు దానికి వెనుక కొంచెం అటూ ఇటూగా ఆనినా పలికే స్వరం దాదాపు ఒకటే. ఫ్రెట్‌లెస్‌లో ఆ బాధ్యత పూర్తిగా వేలిదే కాబట్టి, రెండు ఫ్రెట్ల మధ్య ఖాళీలో కాక, ఫ్రెట్ ఉండవలసిన గీత మీదే వేలిని ఆనించాలి. ఫ్రెట్లకు అలవాటుపడిన చేయి మొదట్లో ప్రతి స్వరాన్నీ కాస్త తగ్గించి పలికించడానికి ముఖ్య కారణం ఇదే. బేస్ గిటార్‌కు సాధారణంగా ఉండే స్కేల్ పొడవు (నెక్ తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి బ్రిడ్జ్ వరకు తీగ పొడవు) 34 అంగుళాలు, అంటే దాదాపు 864 మిల్లీమీటర్లు. ఆ లెక్కన నట్ నుంచి మొదటి ఫ్రెట్ స్థానానికి 48 మిల్లీమీటర్ల పైచిలుకు దూరం ఉంటే, పదకొండో స్థానం నుంచి పన్నెండో స్థానానికి 26 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒక అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా విభజించి చూస్తే, మొదటి స్థానంలో వేలు ఒక మిల్లీమీటరు జరిగినప్పుడు శ్రుతి సుమారు 2 సెంట్లు మారుతుంది, పన్నెండో స్థానంలో అంతే జరిగితే 4 సెంట్లు మారుతుంది. ఈ అంకెలు చిన్నవిగానే కనిపిస్తాయి. అయితే వేలి కొన వెడల్పే ఒక సెంటీమీటరుకు పైగా ఉంటుందని, పై స్థానాల్లో 3 మిల్లీమీటర్ల తేడా వస్తే 12 సెంట్ల అపస్వరం పలుకుతుందని గుర్తుంచుకోవాలి. పక్కన కీబోర్డు అదే స్వరాన్ని పట్టి నిలిపి ఉంచినప్పుడు ఆ తేడా సంగీతం తెలియనివారి చెవికి కూడా ఇబ్బందిగా తగులుతుంది.

కీబోర్డు స్వరాలు స్థిరంగా ఉంటాయి కాబట్టి సర్దుకోవలసింది ఎప్పుడూ బేస్ వాయించేవారే. సర్దుకోవాలంటే ముందు వినపడాలి. గదిలో ఒంటరిగా సాధన చేసేటప్పుడు ఇందులో కష్టమేమీ ఉండదు. వేదిక మీద డ్రమ్స్ పక్కన నిలబడి, మానిటర్‌లో గాయకుల గొంతులే ఎక్కువగా వస్తున్నప్పుడు, మంద్ర స్థాయిలో మీ శ్రుతి కచ్చితంగా ఎక్కడుందో చెప్పడం శిక్షణ పొందిన చెవికి కూడా కష్టం. కింది స్వరాల్లో దరువు తెలుస్తుంది గానీ శ్రుతి అంత తేలికగా తెలియదు. నా అనుభవంలో అటువంటి వేదికల మీద ఫ్రెట్‌లెస్ వాయించినప్పుడల్లా ధ్యాసలో సగం వేలి స్థానం మీదే ఉండేది, డ్రమ్స్‌తో కలిసి లయను పట్టి నడిపించే పనికి మిగిలేది తక్కువ. బృందానికి బేస్ నుంచి ముందు కావలసింది ఆ లయే. 1951లో గిటార్ల తయారీదారు లియో ఫెండర్ తన ప్రిసిషన్ బేస్‌కు ఫ్రెట్లు పెట్టడంలోని ఉద్దేశాల్లో ఒకటి, నిలువెత్తు డబుల్ బేస్ మీద శ్రుతి కోసం పడే శ్రమను తప్పించడం. ఆ సౌలభ్యం ఈనాటికీ తక్కువ విలువైనదేమీ కాదు.

ఇంత చెప్పాక కూడా ఫ్రెట్‌లెస్ మీద నాకున్న ప్రేమను దాచుకోలేను. తీగ లోహపు అంచు మీద కాక చెక్క మీద ఆనినప్పుడు, కంపిస్తున్న తీగ వేలికి ముందున్న చెక్క ఉపరితలాన్ని మెత్తగా రాసుకుంటూ ఉంటుంది. ఆ రాపిడి వల్ల మీటిన క్షణంలో కొంచెం మొద్దుగా మొదలైన స్వరం మరుక్షణంలో విచ్చుకుని మనిషి గొంతులా సాగుతుంది. బేస్ వాయించేవారు దీన్ని ‘మ్వా’ అంటారు. యాక్షన్ (నెక్ మీద తీగల ఎత్తు) బాగా కిందికి ఉండి, నెక్‌లో వంపు చాలా స్వల్పంగా ఉండి, బ్రిడ్జ్ వైపు పికప్‌ను ఎక్కువగా వాడినప్పుడే ఇది పూర్తిగా వినిపిస్తుంది. యాక్షన్ ఎత్తుగా ఉంటే ఫ్రెట్‌లెస్ నాదం మూగబోయినట్లు ఉంటుంది, చాలామందికి మొదటి పరిచయంలోనే నిరాశ కలిగేది అందుకే. వైబ్రాటో సంగతి కూడా చెప్పాలి. ఫ్రెట్ల మీద తీగను పక్కకు లాగితే శ్రుతి పైకి మాత్రమే పోతుంది. ఫ్రెట్‌లెస్ మీద వేలిని తీగ పొడవునా ముందుకూ వెనక్కూ దొర్లిస్తే శ్రుతి రెండు వైపులా సమానంగా ఊగుతుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారినప్పుడు మధ్యలో అర్ధస్వరాల మెట్లు వినిపించవు, కాబట్టి జారుగమకం నిజంగా జారుగమకంలాగే పలుకుతుంది.

ఇంకొక సూక్ష్మం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కీబోర్డు మీద షడ్జం నుంచి అంతర గాంధారం 400 సెంట్ల దూరంలో ఉంటుంది, సహజమైన 5:4 నిష్పత్తిలో అది దాదాపు 386 సెంట్లే. కీబోర్డు ఆగి గాయకుల గొంతులు మాత్రమే మిగిలిన చోట ఫ్రెట్‌లెస్ మీద ఆ 14 సెంట్లు దించి గాంధారాన్ని పలికిస్తే గొంతులతో పూర్తిగా కలిసిపోతుంది. కీబోర్డు మళ్లీ మొదలవగానే వేలు దాని శ్రుతికి తిరిగి వెళ్లిపోవాలి. ఫ్రెట్లున్న నెక్ మీద ఇటువంటి సర్దుబాటుకు చోటు లేదు.

కోల్పోయేవి కూడా ఉన్నాయి. తీగను బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ శైలిలో తీగ ఫ్రెట్లకు తగిలి వచ్చే లోహపు మెరుపు ఫ్రెట్‌లెస్ మీద రాదు, బొటనవేలి దెబ్బ పొడిగా, చెక్కను తట్టినట్లు వినిపిస్తుంది. రెండు మూడు స్వరాలను ఒకేసారి పలికించే కార్డ్‌లు వాయించాలంటే ప్రతి వేలూ ఒకే క్షణంలో కచ్చితంగా దిగాలి. మెత్తటి వేలు తీగ కంపనాన్ని కొంత పీల్చుకుంటుంది కాబట్టి సస్టెయిన్ (స్వరం నిలిచి మోగే కాలం) కూడా కొద్దిగా తగ్గుతుంది.

ఫ్రెట్‌లెస్ నెక్ తీసుకునేటప్పుడు ఫ్రెట్ల స్థానంలో గీతలున్నది కావాలా, లేనిది కావాలా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. గీతలు లేని నెక్ చూడడానికి అందంగా ఉంటుంది, చూపు మీద కాకుండా చెవి మీద ఆధారపడడం నేర్పుతుందన్న వాదన కూడా ఉంది. నేను మాత్రం బృందంలో వాయించేవారికి గీతలున్న దాన్నే సూచిస్తాను. గీతలు వినికిడికి అడ్డు రావు, చెవికి ఏమీ వినిపించని క్షణంలో ఆసరా అవుతాయి. అయితే మీరు నెక్‌ను పైనుంచి ఏటవాలుగా చూస్తారు కాబట్టి వేలు గీత మీదే ఉన్నట్లు కనిపించినా నిజానికి కాస్త పక్కన ఉండవచ్చు. చివరి తీర్పు చెవిదే. గీతలు లేని నెక్‌ను ఎంచుకుంటే నెక్ పక్క అంచున ఉండే గుర్తు చుక్కలు ఎక్కడున్నాయో ముందే పరిశీలించండి. కొన్ని నెక్‌లలో అవి సరిగ్గా స్వరస్థానం దగ్గరే ఉంటాయి, మరికొన్నింటిలో ఫ్రెట్లున్న నెక్‌లో లాగా స్థానాల మధ్య ఉంటాయి.

ఫింగర్‌బోర్డుకు (నెక్ మీద తీగల కింద ఉండే చెక్క పలకకు) ఎబొనీ వంటి గట్టి చెక్క మంచిది. రోజ్‌వుడ్ కూడా బాగుంటుంది, కాకపోతే రౌండ్‌వౌండ్ (గుండ్రని సన్నని తీగ చుట్టిన) తీగల గరుకుదనానికి త్వరగా గాట్లు పడతాయి. ఫ్రెట్‌లెస్ బేస్‌కు పేరుపొందిన వాదకుడు జాకో పాస్టోరియస్ తన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌ను రౌండ్‌వౌండ్ తీగలతో వాయించేవారు, అందుకే దాని ఫింగర్‌బోర్డుకు పడవలకు వాడే ఎపాక్సీ పూత వేశారు. ఆ పూత చెక్కను కాపాడింది, నాదానికి కాంతినీ సస్టెయిన్‌నూ ఇచ్చింది. పూత లేని చెక్క అయితే ఫ్లాట్‌వౌండ్ (చదునైన తీగ చుట్టిన, నున్నని) తీగలతో మొదలుపెట్టండి. నాదం కొంచెం గుండ్రంగా ఉంటుంది, చెక్క చాలా కాలం నిలుస్తుంది.

నెక్ మార్చడం పెద్ద పని కాదు, నాలుగు స్క్రూలతో బిగించేదైతే ఎవరికివారే చేసుకోవచ్చు. ఫెండర్ తరహా బేస్‌లలో బాడీలో నెక్ కూర్చునే గాడి వెడల్పు సాధారణంగా 2.5 అంగుళాలు ఉంటుంది. మీ బేస్ వేరే తరహాదైతే ఆ వెడల్పునూ లోతునూ స్కేల్ పొడవునూ కొలిచాకే కొనండి. ఫ్రెట్ల ఎత్తు లేనందువల్ల తీగలు ఆ మేరకు కిందికి దిగాలి, అందుకు బ్రిడ్జ్‌లోని శాడిల్స్‌ను (తీగలు ఆనే చిన్న దిమ్మలను) తగ్గించాలి. అవి ఇప్పటికే అడుగుకు చేరి ఉంటే నెక్ మడమ కింద గాడి వెనుక అంచున పలుచని చెక్క పెచ్చు పెట్టి నెక్‌ను కొద్దిగా వెనక్కి వంచాలి. నట్‌లోని గాళ్లు తీగ చెక్కకు దాదాపు తగిలేంత లోతుగా ఉండాలి, లేకపోతే మొదటి స్థానాల్లో తీగను నొక్కడమే కష్టమై శ్రుతి పైకి జరుగుతుంది. ఇప్పుడున్న నెక్ నుంచే ఫ్రెట్లు పీకించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. పీకేటప్పుడు చెక్క పెచ్చులు లేస్తుంది, ఖాళీ అయిన గాళ్లను సరిగ్గా పూడ్చకపోతే నెక్ బిగువు తగ్గి తీగల లాగుడికి ముందుకు వంగుతుంది. అన్నిటికీ మించి, తిరిగి ఫ్రెట్లకు రావాలనుకున్నప్పుడు ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

మీరు ప్రస్తావించని మరో మార్గం కూడా ఉంది. ఫ్రెట్ల మీద తీగలు కోసిన గాట్లు మరీ లోతుగా లేకపోతే, వాటిని కొత్తగా వేయించనక్కరలేదు. అన్నిటినీ ఒకే ఎత్తుకు రాయించి, పై అంచును మళ్లీ గుండ్రంగా దిద్దిస్తే సరిపోతుంది. ఫ్రెట్లలో తగినంత ఎత్తు మిగిలి ఉన్నంత కాలం ఈ పని ఒకటికి రెండుసార్లు చేయించుకోవచ్చు, ఖర్చు కూడా కొత్త ఫ్రెట్లతో పోలిస్తే తక్కువే. గిటార్లు బాగుచేసేవారికి ముందు దీన్ని చూపించండి. ఫ్రెట్లు అరిగాయన్నది ఫ్రెట్‌లెస్‌కు మారడానికి కారణం కాకూడదు.

తర్వాత కూడా ఫ్రెట్‌లెస్ కోరిక అలాగే ఉంటే, కొనే ముందు తెలిసినవారి దగ్గర ఒకటి అరువు తెచ్చుకుని మీ బృందంతోనే ఒక రిహార్సల్‌లో వాయించండి. అంతకుముందు కొన్నాళ్లు ఇంట్లో కీబోర్డు మీద షడ్జాన్ని ఆపకుండా మోగిస్తూ, దాని మీద పంచమం, పై షడ్జం, ఆ తర్వాత గాంధారం పలికించి, రెండు స్వరాలు కలిసినప్పుడు పుట్టే ఊగిసలాట పూర్తిగా ఆగేవరకు వేలిని సర్దుతూ సాధన చేయండి. అయితే గాంధారం దగ్గర ఆ నిశ్శబ్దం పైన చెప్పిన సహజ స్థానంలోనే దొరుకుతుంది, కాబట్టి బృందంలో వాయించబోయే గాంధారాన్ని కీబోర్డు గాంధారంతోనే విడిగా సరిచూసుకోవాలి. రిహార్సల్‌ను రికార్డు చేసేటప్పుడు బేస్‌ను, కీబోర్డును వేరు వేరు ట్రాకుల్లో తీసుకుని, మర్నాడు ఆ రెండింటినే కలిపి వినండి. మొదటి ఐదు స్థానాల్లో స్వరాలు నిలకడగా ఉండి, పై స్థానాల్లో మాత్రమే తేడాలు కనిపిస్తే, గీతలున్న నెక్‌ను నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. కింది స్థానాల్లోనే శ్రుతి అటూ ఇటూ పోతూ ఉంటే, ఇంకొన్నాళ్లు ఇంటి సాధన కొనసాగించి, ఫ్రెట్లు దిద్దించిన పాత నెక్‌తోనే వేదిక ఎక్కండి.