సీమచామంతి పూలను మిరపలా ఎండబోయవచ్చా?

ప్రశ్న: మిరప చేను గట్టు వెంట కొద్దిగా సీమచామంతి (కామొమైల్) వేశాం. టీకి పనికొస్తాయని పూలు కోసి, కళ్లంలో మిరపకాయల పక్కనే పట్టా మీద ఎండబోశాం. సగం పూలు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. సంచిలో పోసినవి ముక్కవాసన వస్తున్నాయి. ఎలా ఎండబెట్టాలి?
– ఒక రైతు, తాడికొండ మండలం, గుంటూరు జిల్లా

జవాబు: ఈ పూలను ఎండబెట్టకూడదు, నీడలో ఆరబెట్టాలి. మిరపకాయకు మందమైన తోలు ఉంటుంది కనుక నడి ఎండను తట్టుకుంటుంది. సీమచామంతిలో మనకు కావలసిన సుగంధ తైలం పూల మీది సన్నని గ్రంథుల్లోనే ఉండటం వల్ల, వేడి 40 డిగ్రీలు దాటితే అది ఆవిరై పోతుంది, నేరుగా పడే ఎండకు రంగూ వెలిసిపోతుంది. మార్చి ఎండకు కళ్లంలో పట్టా ఎంత కాలుతుందో మీకు చెప్పనక్కర లేదు.

కోత నుంచే జాగ్రత్త పడాలి. తెల్ల రేకలు బల్లపరుపుగా విచ్చుకున్నప్పుడు, ఉదయం మంచు ఆరిపోయాక కోయండి. రేకలు కాడ వైపు వంగి, నడిమి పసుపు బొడ్డు పైకి పొడుచుకొచ్చిన పూలు ముదిరినవి, ఆరాక చిట్లిపోతాయి; మీ పూలు రాలిపోవడానికి ఇది కూడా కారణం కావచ్చు. కోసినవాటిని కడగవద్దు, బుట్టలో కుక్కి ఉంచవద్దు, లోపల వేడి పుట్టి నల్లబడతాయి.

ఇంట్లో నులక మంచం ఉంటే అంతకంటే మంచి సాధనం అక్కర లేదు. దాని మీద దోమతెర గుడ్డో పాత నూలు చీరో బిగించి కట్టి, గాలి ఆడే వసారాలో పూలను ఒకే వరుసగా పరిస్తే కింది నుంచి కూడా గాలి తగులుతుంది, పట్టా మీద అది సాధ్యం కాదు. రాత్రి మంచు పడే రోజుల్లో లోపలికి చేర్చండి. సాధారణంగా వారం రోజుల్లో ఆరుతాయి. కిలో పచ్చి పూలకు సుమారు 200 గ్రాములు మిగులుతాయి.

రేకలు రెండో రోజుకే కాగితంలా గరగరలాడతాయి గానీ బొడ్డులో తేమ ఇంకా ఉంటుంది, మీ సంచిలో పూలు ముక్కిపోయింది బహుశా ఇందుకే. బొడ్డును గోటితో చీల్చి చూడండి. సాగితే ఇంకా ఆరాలి, పుటుక్కున విరిగితే సరిపోయినట్లు. (లోపల బోలుగా ఉండాలి, లేకపోతే మీకు వేరే మొక్క విత్తనం అంటగట్టి ఉంటారు.) ఆరినవాటిని గాజు సీసాలో పోసి మూత బిగించి చీకట్లో ఉంచండి, వారంలోగా సీసా లోపల చెమ్మ కనిపిస్తే తీసి మళ్లీ ఆరబోయండి. పసుపు, పొగాకు నిల్వల్లో కనిపించే సిగరెట్ పురుగు వీటికీ పడుతుంది గనుక నెలకోసారి చూస్తుండాలి, కానీ ధాన్యంలో వాడే గుళికలు మాత్రం దగ్గరికి రానివ్వవద్దు. ముక్కిన పూలను ఎరువు గుంతలో వేయండి. మళ్లీ ఆరబెట్టినా తాగడానికి పనికిరావు.

అన్నిటికంటే నాకు ఆందోళన కలిగించేది మీరు గట్టు మీద వేయడమే. మిరపకు కొట్టే మందు తుంపర ఈ పూల మీద పడుతుంది, కడగకుండా ఆరబెట్టే సరుకు గనుక అది నేరుగా టీలోకి వస్తుంది. ఈ గట్టు పూలను తాగడానికి వాడకుండా, వచ్చే రబీలో ఇంటి పెరట్లో మందు తగలని చోట వేసుకోండి. వయ్యారిభామ తగిలితే దద్దుర్లు వచ్చేవారు మీ ఇంట్లో ఉంటే, ఇదీ ఆ కుటుంబపు మొక్కే కాబట్టి, వారికి ఈ టీ ఇవ్వకండి.

– ఉద్యాన శాస్త్రవేత్త, గుంటూరు