మెయింటెనెన్స్ ఓటుకు పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి నల్లకుంట నుంచి మామయ్య ఆశీస్సులు.

కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శివయ్యావని, వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో మెయింటెనెన్స్ పెంపునూ, కార్పస్ ఫండ్ (పెద్ద పనులకని సంఘం దాచిన నిధి) ఖర్చునూ ఓటుకు పెడుతున్నావని అమ్మ చెప్పింది. ఆ రెండూ ఒక జాతి ప్రశ్నలు కావు.

మెయింటెనెన్స్ అంకె కాబట్టి తేలిక. ఎవరికి వారికి మనసులో ఒక మొత్తం ఉంటుంది. దానికి ఎటు దూరమైనా అయిష్టం పెరుగుతూ పోతుంది. ఇష్టాలు ఇలా ఒకే శిఖరంతో ఉంటే మెజారిటీ నియమం తడబడదని, నెగ్గేది వరుసలో నడిమి అంకె, అంటే మధ్యగతమేనని ఆర్థికవేత్త డంకన్ బ్లాక్ 1948లో చూపించాడు. ఐదిళ్లవాళ్లు 1500, 2000, 2500, 3500, 5000 అని చీటీలు రాశారనుకో: మధ్యగతం 2500, సగటు 2900. ఐదు వేలాయన పట్టుదలకొద్దీ పది వేలని రాస్తే సగటు 3900కు ఎగబాకుతుంది గానీ మధ్యగతం కదలదు. సగటు మాత్రం తీయకు. మా సంఘంలో ఒకసారి తీసి ఏడాదంతా మాటలు పడ్డాను.

అయితే 'సెక్యూరిటీ పెడితే రాత్రింబవళ్లూ పెట్టండి, లేదంటే పాత వాచ్‌మనే చాలు' అనేవారికి మధ్య మొత్తమే అన్నిటికన్నా చేదు. అక్కడ శిఖరాలు రెండు. కనుక సెక్యూరిటీ కావాలా వద్దా అన్నది ముందు విడిగా తేల్చి, ఆ తర్వాతే అంకె అడుగు.

కార్పస్ దగ్గరే అసలు చిక్కు, ఆ డబ్బు ముందు ఏ పనికి పెట్టాలన్నది అంకె కాదు కనుక. ఒకరికి బోరు, లిఫ్టు, సోలార్ అనే వరుస, రెండోవారికి లిఫ్టు, సోలార్, బోరు, మూడోవారికి సోలార్, బోరు, లిఫ్టు అయితే, బోరు లిఫ్టును, లిఫ్టు సోలార్‌ను, సోలార్ మళ్లీ బోరును రెండేసి ఓట్లతో ఓడిస్తాయి. ఈ గానుగ తిరుగుడును ఫ్రెంచి గణితవేత్త కొండార్సే 1785లోనే గుర్తించాడు. ఇలాంటప్పుడు దేనితో దేన్ని ముందు పోటీపెట్టావన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది, ఆ నింద నీ మీదికే వస్తుంది.

దీనికి అమర్త్యసేన్ 1966లో రాసిన ఒక షరతు నాకు చాలా పనికొచ్చింది: ఆ మూడింటిలో ఏదో ఒకటి ఎవరికీ అట్టడుగుది కాకపోతే చాలు, చక్రం ఏర్పడదు. అందుచేత శనివారం సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి, ఏది కావాలని కాక, ఏది చివరికి నెడతారని అడుగు. ఎండాకాలం ట్యాంకర్ల కోసం కాచుకున్నవాళ్లు బోరును చివరికి నెట్టరనే నా అంచనా. ఎవరైనా నెడితే, పోటీ క్రమాన్ని అందరి ముందూ చీటీలు వేసి తీయి.

మీ ఫ్లాట్లు పద్నాలుగు కదా, మెయింటెనెన్స్ చీటీల్లో నడిమి అంకెలు రెండు వస్తాయి. వాటిలో తక్కువదే తీసుకుంటామని చీటీలు విప్పకముందే మినిట్స్‌లో రాయించు.

ఇట్లు,
మామయ్య